రొయ్యల గదిలో గాలి

మా ఆయన బెవన్‌కి పడవ డెక్కులో ఉండే ఐసు గది మూతని నడుస్తూ నడుస్తూనే కాలితో తన్ని మూసేసే అలవాటు. ఆయనొక్కడికే అనుకునేరు! కరుంబా రేవులో రొయ్యల పడవల మీద పెరిగిన ప్రతి మగాడికీ ఉంది ఆ జబ్బు. మూత తెరిచి ఉంటే చలి బయటికి పోతుంది, చలి పోతే సరుకు పోతుంది, కాబట్టి మూత కంటపడితే చాలు కాలు దానంతటదే లేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపుని కూడా అలాగే తంతాడు. దాని కింది భాగం సొట్టలు పడి తుప్పెక్కిందంటే ఎవరి పుణ్యం మరి! నేను అరవని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు.

ఆ సీజన్లో మా పడవ 'జోన్ మేరీ' మీద ముగ్గురమే ఉన్నాం. స్కిప్పర్ బెవన్, ఆయన తమ్ముడు క్లైడ్, నేను. నాలుగోవాడికి రొయ్య ముల్లు గుచ్చుకుని చెయ్యి పొంగిపోతే వాణ్ణి ఒడ్డునే వదిలేసి వచ్చాం. నా పేరు డెల్మా. పేరుకి వంటమనిషిని. వల తాడు చుట్టి పైకి లాగే వించి తిప్పేది నేను, రొయ్యలు ఏరేది నేను, అన్నదమ్ములిద్దరూ కొట్టుకుంటే మధ్యలో దూరి దెబ్బలు తినేదీ నేనే.

క్లైడ్ మా ఇంటికొచ్చేనాటికి వాడికి మీసం కూడా మొలవలేదు. తల్లి పోయింది, తండ్రి ఎప్పుడూ సముద్రం మీదే. నా చేతి వంట తిని, నా చేత తిట్లు తిని పెరిగాడు. నాకు పిల్లల్లేరు. ఆ మాట ఎవరైనా నా ముందు అంటే చాలు, క్లైడ్ చొక్కా చేతులు మడిచేవాడు. "ఏం, నేను కనబడట్లేదా నీకు?" అని పోట్లాటకి దిగేవాడు. టౌన్స్‌విల్‌లో కెమిస్ట్రీ చదవడానికెళ్ళి మధ్యలో మానేసి వచ్చాడు. ఎందుకు మానేశావురా వెధవా అంటే, "అక్కడ సముద్రం కిటికీలోంచి మాత్రమే కనిపిస్తుంది డెల్" అన్నాడు. ఇంకేమంటాం? బెవన్ ఆ రోజు నుంచి వాణ్ణి ప్రొఫెసర్ అనే పిలుస్తున్నాడు.

మా బతుకంతా మెటా మీదే నడుస్తుంది. రొయ్య చచ్చిన కాసేపటికే తల దగ్గర నల్లబడడం మొదలెడుతుంది. రుచికేమీ తేడా రాదు, అయినా నల్లమచ్చ కనిపిస్తే ఫ్యాక్టరీవాడు మూతి తిప్పుకుంటాడు. అందుకని మెటా. దాని పూర్తి పేరు సోడియం మెటాబైసల్ఫైట్. తెల్లటి పొడి, అచ్చం పంచదారే. మూట విప్పితే పెట్టెడు అగ్గిపుల్లలు ఒక్కసారి గీసినట్టు వాసన ముక్కులోకి కొడుతుంది. డెక్కు మీద తొట్టిలో నీళ్ళు పోసి అందులో కలపాలి, రొయ్యల్ని బుట్టతో ముంచి తియ్యాలి, నీళ్ళోడ్చాక ఐసు గదిలోకి దించాలి. అదీ పద్ధతి.

ఆ రోజు పొద్దున టిఫిన్ దగ్గర నేనే అడిగాను. "ఒరేయ్, ఈ పాడు పొడిలో ఏముందిరా? నా చేతుల తోలు ఊడొస్తోంది."

అడగడమే తరువాయి. వాడు నా ప్లేట్లోంచి ఉడికించిన గుడ్లు రెండూ లాక్కున్నాడు. "ఇవి గంధకం." గిన్నెలోంచి అయిదు చిట్టి టమాటాలు ఏరాడు. "ఇవి ఆక్సిజన్." పంటిపుల్లలు తీసుకుని గుచ్చడం మొదలెట్టాడు. ఒక గుడ్డుకి మూడు టమాటాలు, రెండోదానికి రెండే. తర్వాత రెండు గుడ్లనీ ఒక్క పుల్లతో కలిపి బల్ల మీద నిలబెట్టాడు.

"ఇదేం పంపకంరా? ఒకడికి మూడు, ఒకడికి రెండా?" అన్నాడు బెవన్, నోటినిండా రొట్టెతో.

"దాని తీరే అంత. గంధకాలు రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి గానీ ఆ పట్టు వట్టి నీరసం. నీళ్ళు తగిలాయా, అయిపోయింది." మధ్య పుల్లని పుటుక్కున విరిచాడు. "రెండు టమాటాల వాడు నీళ్ళ దగ్గర ఇంకోటి పుచ్చుకుంటాడు. అప్పుడు ఇద్దరికీ మూడేసి. దాన్ని బైసల్ఫైట్ అంటారు. మన తొట్టిలో ఉండేది అదే."

"హమ్మయ్య, తగువు తీరిందన్నమాట" అన్నాను.

"ఎక్కడ తీరింది డెల్? గంధకానికి చుట్టూ నలుగురు కూర్చుంటే గానీ కడుపు నిండదు. నలుగురూ కూర్చుంటే అది సల్ఫేటు, ఇక ఎవరి జోలికీ పోదు. అందాకా దానికి ఆకలే. ఆక్సిజన్ ఎక్కడ కనబడితే అక్కడ లాక్కుంటుంది. రొయ్యని నల్లబరిచేది ఆక్సిజనే కదా, దాన్ని ఇది ముందే మింగేస్తుంది. అందుకే రొయ్య తెల్లగా ఉంటుంది."

"మరి ఆ కంపు?"

"పులుపు తగిలినా, వేడి తగిలినా, నీళ్ళు చాలకపోయినా బైసల్ఫైట్ ఒక టమాటాని వదిలేసి, మిగిలిన రెండింటితో గాల్లోకి లేచిపోతుంది. గ్యాసు. గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది. మన ఊపిరితిత్తుల్లో తడి ఉంటుంది చూడు, అక్కడికెళ్ళి ఆ తడిలో యాసిడ్ అయి కూర్చుంటుంది."

"తినే దగ్గర ఏం కబుర్లురా ఇవి" అని నా గుడ్లు నేను లాక్కుని పుల్లలు పీకి తినేశాను. వాడు నవ్వి టమాటాలు నోట్లో వేసుకున్నాడు.

ఇంకా ప్లేట్లు కడగనేలేదు, రేడియో మోగింది. పైన ప్లేన్లో తిరుగుతూ రొయ్యల గుంపుల్ని వెతికిపెట్టే కుర్రాడు. "జోన్ మేరీ, జోన్ మేరీ. బెవన్, నిద్ర లేచావా? నీ ముక్కు ముందే బురద లేస్తోంది. ఫుట్‌బాల్ మైదానమంత ఉంది. ఇంకెవరికీ చెప్పలేదు, త్వరగా కానియ్."

బనానా రొయ్యలని ఒక రకం, అవి గుంపు కడితే కింద బురద లేచి నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. అలాంటి గుంపు మీదికి మొదటి వల వెయ్యడమంటే మా వాళ్ళకి అంతకు మించిన గొప్ప లేదు. బెవన్‌కి ఎన్నో సీజన్లుగా ఆ యోగం పట్టలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు ముందే ఉండేవాళ్ళు, సాయంత్రం బార్లో వాళ్ళ కోతలు వింటూ ఈయన గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు. ఆ మాట వినగానే మనిషి ఎగిరి గంతేశాడు. పాపం, అంత సంతోషం ఆ మొహంలో నేను ఎన్నాళ్ళకి చూశానో.

వల ఎత్తేసరికి పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. ముడి విప్పగానే డెక్కంతా రొయ్యలే. మోకాళ్ళ దాకా రొయ్యలు, మీద మంటలు చిమ్మే ఎండ. మేం ముగ్గురం గంపలు పట్టుకుని తొట్టి దగ్గర ముంచడం మొదలెట్టాం. ఎంత ముంచినా కుప్ప తరగదు. ఎండకి అప్పుడే వాటి రంగు తిరుగుతున్నట్టు అనిపించింది. పక్కనుంచి రేడియోలో కుర్రాడు, "బెవన్, ఇంకో వల వెయ్యి, గుంపు కదిలిపోతోంది" అని గోల.

బెవన్ గంప విసిరికొట్టాడు. "ఇలా అయితే సాయంత్రానికి కూడా తెమలదు. తొట్టీ వద్దు గిట్టీ వద్దు. అన్నిటినీ కిందికి తోసేద్దాం. ప్రొఫెసరూ, నువ్వు మెటా మూట తీసుకుని దిగు. ఒక వరస రొయ్యలు, ఒక వరస పొడి, చల్లుకుంటూ పో."

క్లైడ్ కదల్లేదు. "బెవ్, అది పని కాదు. తొట్టిలో బోలెడు నీళ్ళుంటాయి, పైన బోలెడు గాలి ఉంటుంది. మూసిన గదిలో తడి రొయ్యల మీద ఉత్త పొడి చల్లితే గ్యాసు తప్ప ఇంకేమొస్తుంది?"

"నాన్న చల్లేవాడు కాదూ? ఆయనకేమైంది? ముసలాడై మంచంలో పోయాడు."

"నాన్న ఎప్పుడూ ఇంత చల్లలేదు."

"భయమైతే భయమని చెప్పరా. నేను దిగుతా. నువ్వు పైన కూర్చుని గుడ్లకి పుల్లలు గుచ్చుకో."

క్లైడ్ నా వైపు చూశాడు. "బెవన్, వాడు చెప్పేది కాస్త వినొచ్చుగా" అన్నాను. "నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నాడాయన. ఆ మాట నాకు ఒళ్ళు మండించే మాట. నేను నోరు తెరిచేలోపల క్లైడ్ బూట్లు తొడుక్కుంటున్నాడు. వాడికి అన్న మీద కోపం ఎంతొచ్చినా నిలవదు. మూట భుజానేసుకుని నిచ్చెన మీద కాలు పెట్టి, "మూత మాత్రం ముయ్యకండి, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

"సరేలేవయ్యా" అన్నాడు బెవన్.

మేం గంపలతో దింపుతుంటే వాడు కింద పరుస్తూ, చల్లుతూ పాట అందుకున్నాడు. వాడి గొంతు గాడిద గొంతు. ఒక పాట చరణం ఇంకో పాటలో కలిపేసి పాడతాడు. మధ్యలో దగ్గు. "చాల్లే, పైకి రా, గాలి పీల్చుకుని దిగు" అని నేను కేకేశాను. "ఈ మూట అయిపోనీ" అన్నాడు. అంతలో రేడియోలో కుర్రాడు మళ్ళీ అరిచాడు. బెవన్ పడవని తిప్పడానికి చుక్కాని గదిలోకి పరిగెత్తాడు. పరిగెత్తుతూ పరిగెత్తుతూ దార్లో ఉన్న మూతని కాలితో తన్నాడు. ఆయన కాలికి ఆ సంగతి తెలుసు, ఆయనకి మాత్రం తెలీదు. నేను అవతలి పక్క బల్ల దగ్గర జెల్లీచేపలు ఏరి పారేస్తున్నాను, నా వీపు అటు ఉంది. ఇంజను చప్పుడులో పాట ఆగిందో, మూసిన మూత వల్ల వినబడట్లేదో నాకు తెలీలేదు.

గంప నింపుకుని ఇటు తిరిగి చూద్దును కదా, మూత మూసి ఉంది.

గంప అక్కడే వదిలేసి వెళ్ళి మూత లాగాను. లోపల్నించి వచ్చింది వాసన కాదు, మొహం మీద దెబ్బ. కళ్ళు మూసుకుపోయాయి, గొంతు బిగుసుకుపోయింది. పక్కకి పడి దగ్గి దగ్గి మళ్ళీ పాకి, ఊపిరి బిగబట్టి లోపలికి చూశాను. నిచ్చెన కిందే క్లైడ్ బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి నిచ్చెన మెట్టు మీద ఉంది. పైకొద్దామని చూశాడు నా తండ్రి.

"బెవన్! క్లైడ్ పడిపోయాడు! బెవన్!"

ఆయన ఇంజను ఆపి ఒక్క దూకులో వచ్చాడు. చూశాడు. కాలు లోపలికి పెట్టాడు. నేను వెనకనుంచి బెల్టు పట్టుకుని లాగాను.

"వదులు!"

"దిగావంటే నువ్వూ అక్కడే పడతావు!"

"వాడు నా తమ్ముడే! వదలవే!"

"నాకు మాత్రం ఎవడు వాడు?" అని అరిచాను. "పోయిన ఏడు మన రేవులోనే ఇంకో పడవ ఐసు గదిలో ఏమైంది? ఒకడు పడ్డాడని రెండోవాడు దిగాడు, వాడు పడ్డాడని మూడోవాడు దిగబోతే కాళ్ళు పట్టుకుని ఆపారు. నువ్వే కదా మోశావు ఆ శవపెట్టెలు! నువ్వు పడితే మీ ఇద్దర్నీ నేనెలా లాగనురా మనిషీ?"

నన్ను మోచేత్తో పొడిచాడు. నేను ఆయన చెయ్యి కొరికాను, రక్తమొచ్చేలా కొరికాను. అప్పటికి కాలు బయటికి తీశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో మేం ఒకరి మీద ఒకరం చెయ్యి చేసుకున్నది అదొక్కసారే.

"నీళ్ళు!" అన్నాడు. "నీళ్ళు కొడితే కొట్టుకుపోతుంది." డెక్కు కడిగే పైపు లాగి లోపలికి ధార వదిలాడు. మాకు అన్నిటికీ మందు నీళ్ళే. కళ్ళు మండినా నీళ్ళే, చేతులు మండినా నీళ్ళే. ఆ ధార పోయి సగం ఖాళీ అయిన మెటా మూట మీద పడింది. లోపల్నించి తెల్లగా పొగలా లేచింది. "ఆపు! ఆపు! పొడి మీద చాలీచాలని నీళ్ళు పడితేనే కదా గ్యాసు లేచేది!" అని పైపుని కాలితో తన్నేశాను. మా ఇద్దరికీ కళ్ళలోంచి ధారలు. బెవన్ తల బాదుకుంటున్నాడు. కింద క్లైడ్ చెయ్యి మెట్టు మీంచి జారింది. అంటే ఇంకా కదులుతున్నాడు! ఇంకా ప్రాణం ఉంది!

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పడవ కింద తిరిగే ఫంకాకి వల చుట్టుకుంటే నీళ్ళలోకి దిగి కోసేవాడికి గాలి పంపే మోటారు ఉంది. చిన్న పెట్రోలు మోటారు, దానికి పొడుగాటి గొట్టం, కొసన నోట్లో పెట్టుకునేది, కళ్ళకి ముక్కుకి అద్దం. "బెవన్, డైవింగు మోటారు!" ఇద్దరం దాన్ని గాలి వచ్చే వైపుకి, పడవ ముక్కు దగ్గరికి ఈడ్చాం. ఈ కంపు దాన్లోకి దూరితే ఇంకేముంది! ఆయన తాడు లాగాడు. మోటారు తుమ్మింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ తుమ్మి ఊరుకుంది. సీజన్ మొదట్లో దాన్ని సరిచూడమని చెవినిల్లు కట్టుకుని పోరాను, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ దాటేశాడు! "అంటుకోవే, అంటుకో తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా" అని ఆ ఇనప ముద్దని బతిమాలాను. బూతులు తిట్టాను. బెవన్ ఏడుస్తూ లాగుతున్నాడు. చివరికి గుర్రుమని అంటుకుంది.

ఆయన అద్దం బిగించుకుని, గొట్టం కొస నోట్లో పెట్టుకున్నాడు. వించి కొక్కేనికి మోకు ఉచ్చు తగిలించి, దాన్ని ఆయన చంకల కింద వేశాను. "కిందికెళ్ళాక ఈ ఉచ్చు తీసి క్లైడ్‌కి వేసి తాడు గుంజు. నేను వాణ్ణి లాగేస్తాను. నీ నోట్లోది మాత్రం ప్రాణం పోయినా తియ్యకు. విన్నావా? నాకు మాటియ్యి."

నోట్లో గొట్టం ఉంది కదా, తల ఊపాడు. నా చెంప మీద ఒకసారి చెయ్యి వేసి దిగిపోయాడు.

నేను వించి మీద చెయ్యేసి లోపలికి చూస్తూ నిలబడ్డాను. రేడియోలో కుర్రాడు, "జోన్ మేరీ, ఎందుకాగారు? బెవన్? ఎవరైనా పలకండి" అంటున్నాడు. పలకడానికి నాకు చేతుల్లేవు. తాడు కదిలింది, ఆగింది. మళ్ళీ గట్టిగా గుంజాడు. వించి తిప్పాను. క్లైడ్ తల పైకొచ్చింది. అద్దం వాడి మొహానికి ఉంది. గొట్టం కొస వాడి నోట్లో కుక్కి ఉంది.

మాటిచ్చిన మనిషి! తల ఊపిన మనిషి! తమ్ముడి మొహం చూడగానే అన్నీ ఊడదీసి వాడికి తగిలించేశాడు. ఇప్పుడు కింద ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఏ గోడ పట్టుకుని ఉన్నాడో.

క్లైడ్‌ని డెక్కు మీదికి లాగి పడేశాను. అద్దం తీసేశాను. పెదాలు నీలంగా ఉన్నాయి, నోటి చుట్టూ నురగ. కానీ కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. నన్నే చూశాడు, నేనెవరో వాడికి తెలుస్తోంది. గర్రుమని ఒక ఊపిరి లాగాడు, దానికే ఒళ్ళంతా మెలితిరిగింది. వాడి చెయ్యి లేచి నా చొక్కా ముందు భాగం పిడికిట్లో పట్టుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే పట్టుకునేవాడు, నన్ను లేవనిచ్చేవాడు కాదు.

ఉచ్చు ఒక్కటే ఉంది. అది వాడి చంకల కింద ఉంది. కింద బెవన్ ఉన్నాడు.

వాణ్ణి ఒక పక్కకి తిప్పి పట్టుకుని, నోట్లో నురగ తీసి, ఊపిరి ఊదాల్సింది నేను. వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. లోపల్నించి నిచ్చెనకి ఏదో ఢీకొన్న చప్పుడు, దగ్గు. ఒకసారి దగ్గాడంటే లోపలికి పీల్చినట్టే.

"క్లైడ్, నాన్నా, వదలరా. ఒక్క నిమిషం. ఇప్పుడే వచ్చేస్తా." వదల్లేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీశాను. గట్టిగా ఉన్నాయి. ఆ కళ్ళు నా మీంచి కదల్లేదు. ఉచ్చు లాక్కుని, గొట్టం లాక్కుని పరిగెత్తాను.

"బెవన్! తాడు వస్తోంది! నీ ఎడమకి! ఎడమకిరా, ఇంకా! చెయ్యి చాపు!" గొట్టం కూడా జారవిడిచాను గానీ చేతికి అందలేదు, ఆయన గుడ్డివాడిలా గాలిలో తడుముతున్నాడు. ఉచ్చు భుజానికి తగిలింది, జారింది. మళ్ళీ ఊపాను. "చెయ్యి దూర్చు! ఒక్క చెయ్యి దూర్చు చాలు!" మోకాళ్ళ మీద పడ్డాడు. ఆ గ్యాసు నేలనే ఉంటుంది, తల కిందికి పెట్టాడంటే అయిపోయినట్టే. "లే! బెవన్! లేవరా, లేవకపోతే నేనూ దూకేస్తా, చూస్కో!" ఏం విన్నాడో, చెయ్యి పైకెత్తాడు. మోకు మోచేతిలో పడింది. వించి తిప్పాను. ఒక్క చేతికి వేలాడుతూ, నిచ్చెనకి కొట్టుకుంటూ, సంచిలా పైకొచ్చి డెక్కు మీద పడ్డాడు. పడగానే వాంతి చేసుకున్నాడు, దగ్గాడు, ఊపిరి లాగాడు. మళ్ళీ లాగాడు. బతికాడు. నా మొగుడు బతికాడు.

ఆయన్ని అక్కడే వదిలి క్లైడ్ దగ్గరికి పరిగెత్తాను.

కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను వెళ్ళిన వైపుకే చూస్తున్నాయి. మెడ మీద వేలు పెట్టాను. ఇటు పెట్టాను, అటు పెట్టాను. చెవి రొమ్ముకి ఆనించాను. నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

నోరు తుడిచి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాను. నా పెదాలు భగ్గుమన్నాయి. గుండె మీద నొక్కాను. మళ్ళీ ఊదాను. వచ్చేయిరా, వచ్చేయి. నిన్ను వదిలిపోలేదురా, ఆయన్ని తీసుకురావడానికి వెళ్ళాను, అంతే.

వెనక బెవన్ పాక్కుంటూ వస్తున్నాడు. కళ్ళు వాచి పూర్తిగా మూసుకుపోయాయి. చేతులతో డెక్కు తడుముకుంటూ, రొయ్యల కుప్పలో పడుతూ లేస్తూ. "క్లైడ్ ఏడీ? డెల్, ఎక్కడ వాడు? ఊపిరుందా?"

ఆయన చేతికి ముందు బూటు తగిలింది. బూటు పట్టుకుని, మోకాలు పట్టుకుని, పొట్ట మీదుగా వచ్చి, అరచెయ్యి తమ్ముడి రొమ్ము మీద ఆగింది. సరిగ్గా అప్పుడే నేను ఊదాను. రొమ్ము లేచింది. దాంతో పాటు ఆయన చెయ్యీ లేచింది.

"తీస్తున్నాడు!" అన్నాడు. ఆ మూసుకుపోయిన కళ్ళతో నవ్వాడు. "డెల్, ఊపిరి తీస్తున్నాడు! ఒరేయ్ ప్రొఫెసరూ, నీదే పైచెయ్యిరా, నువ్వు చెప్పిందే నిజం. ఇక నీ మాటే వింటా. తీసుకోరా, బాగా తీసుకో."

రేడియోలో కుర్రాడు హెలికాప్టర్ బయల్దేరిందని చెబుతున్నాడు. పైనుంచి అంతా చూసినట్టున్నాడు, ఏడుపు గొంతుతో చెబుతున్నాడు. నేను ఆయన చేతి మీదే నా రెండు చేతులూ పెట్టి గుండె నొక్కాను.

"నెమ్మది డెల్" అన్నాడు బెవన్. "వాడికి నొప్పెడుతుంది."

ఆ ఊపిరి ఎవరిదో చెప్పడానికి నా నోరు ఖాళీగా లేదు. ఖాళీగా ఉన్నా చెప్పేదాన్ని కాదు. నేను ఆపితే ఆ చెయ్యి కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. వంగి, నాలో ఉన్నదంతా కూడదీసుకుని ఊదాను.

"చూశావా" అన్నాడు బెవన్, "ఇప్పుడు ఇంకా పెద్దగా తీస్తున్నాడు."